ఎండకు ఖజానా ధనమేల?

మా వీధిలో ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారొకరున్నారు. సాయంకాలపు వార్తలు ముగిసినంతనే అరుగుపై కూర్చుండి, ఆ వార్తలలో వినబడిన అంకెలకు పరీక్ష పెట్టుట వారికి నిత్యకృత్యము. ఇండ్లపై సౌరఫలకముల నమర్చుకొనువారికి ప్రభుత్వము సహాయధన మిచ్చుచున్నదని విన్ననాడు వారు నన్ను పిలిచి, "ఏమండీ, నా డాబామీద పడే ఎండకు ఢిల్లీవారు డబ్బివ్వడమేమిటి? ఎండకూడా సర్కారు ఖర్చేనా?" అని యడిగిరి.

వారి ప్రశ్న 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గ మామోదించిన పథకమును గూర్చినది. కోటి యిండ్లపై ఫలకముల నమర్చుటకు 75,021 కోట్ల రూపాయలు కేటాయించిరి. మూడు కిలోవాట్లు పెట్టుకొన్న గృహస్థునకు 78,000 రూపాయలు ముట్టును. "డాబా లేనివాడుకూడా సబ్బుబిళ్ళ కొన్నప్పుడు కట్టిన పన్నే కదండీ యిది! సరుకు మంచిదైతే బజారులో తనంతట తానే నిలుస్తుంది. నిలవని సరుకును ఖజానా ఎందుకు మోయాలి?" అనునది మాస్టారి వాదము.

ఈ సందేహము మన శ్రోతలలో పెక్కుమందికి గలదని నేనెరుగుదును. తేలికగా త్రోసివేయదగినది కాదు. సొంత పైకప్పు లేక అద్దెయింట నుండువాని కీ సహాయము నేరుగా అందదు, ఇది నిజము. తొందరపడి వ్రాసికొన్న ఒప్పందములు పిదప భారమగుననుటయు నిజమే. ఆంధ్రప్రదేశమున పవన, సౌర విద్యుత్తునకు పూర్వము కుదిరిన ధరలు హెచ్చుగా నున్నవని 2019లో రాష్ట్ర ప్రభుత్వము వానిని తిరిగి తగ్గింప బూనెను. ఉత్పత్తిదారులు న్యాయస్థానమున కెక్కిరి. వ్రాసికొన్న ధరయే చెల్లింపవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పెను. కావున మాస్టారు భయపడుటలో తప్పు లేదు.

అయినను, విద్యుత్తు ఏనాడైన బజారులో తనంతట తాను నిలిచినదా? మాస్టారి బాల్యమున వారి యూరిలో కిరసనాయిలు లాంతరే దీపము. నాలుగు దీపములకును రెండు మోటార్లకును పది మైళ్ళు స్తంభములు పాతి తీగ లాగుటకు ఏ వర్తకుడు ముందుకు రాగలడు? 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి కట్టినది. నాగార్జునసాగరము ప్రభుత్వ ధనమే. సింగరేణి బొగ్గుగనులు ప్రభుత్వములవే. పల్లెలకు తీగలు లాగుటకు ఋణమిచ్చుటకై 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించినదియు ప్రభుత్వమే. నేడు నిలుకడగా నున్నట్లు తోచు ప్రతి దీపము వెనుకను ఒకనాడు ఖజానా నిలిచియున్నది.

ఈ మాటలకు మాస్టారు లొంగలేదు. "ఆనాడు లేమి. ఇప్పుడు కరెంటున్నది గదా! ఉన్నదానికి బదులు మరొకదానికి మళ్ళీ ఎందుకు చెల్లించాలి?" అనిరి.

ఇక్కడ నేను వారిని వారి యింటిలోని ఎల్.ఇ.డి. బల్బును చూడుమంటిని. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ యొకటి ఈ బల్బులను టోకున కొన్నప్పుడు ఒక్కొక్కటి 310 రూపాయలు పడినది. టెండరు వెంట టెండరుగా కోట్లకొలది బల్బులు కొనగా, 2016 నాటికి ఆ టోకు ధర 38 రూపాయలకు దిగినది. శాస్త్రజ్ఞు లా రెండేండ్లలో క్రొత్తగా కనిపెట్టిన అద్భుతమేమియు లేదు. కోట్లలో అమ్ముడుపోవునని రూఢియైనచో కర్మాగారము పెద్దదగును, పనివాని చేయి తిరుగును, ధర పడిపోవును. ఖరీదుగా నున్ననాడే పెద్దయెత్తున కొను ధైర్యము ఎవరికో ఒకరికి ఉండవలెను. ఒంటరి గృహస్థున కది యుండదు.

సౌరఫలకపు కథయు నిట్టిదే, కాకున్న కొంచెము దీర్ఘము. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు సిలికాన్ సౌరఘటమును లోకమునకు చూపిరి. దానిపై పడిన ఎండలో నూటికి సుమారు ఆరు పాళ్ళే విద్యుత్తయ్యెను. 1958లో అది వాన్‌గార్డ్ ఉపగ్రహము నెక్కి ఆకాశమునకు పోయెను. అచ్చటికి తీగ లాగుట కుదరదు గనుక ధర యెవరు నడుగలేదు! నేలమీద మాత్రము అది చాలకాలము ధనికుని ఆటవస్తువుగనే యుండెను. 2000లో జర్మనీ ఒక చట్టము చేసి, సౌరవిద్యుత్తు నిచ్చినవారికి ఇరువదియేండ్లపాటు నిర్ణీత ధర చెల్లింప బూనెను. ఆ యదనపు భారమును జర్మను గృహస్థులు తమ బిల్లులపై మోసిరి. గిరాకీని చూచి కర్మాగారములు వెలసినవి. చైనాలో నవి మిక్కిలి పెద్దవైనవి.

మన దేశము 2010 జనవరిలో జాతీయ సౌరవిద్యుత్ కార్యక్రమమును చేపట్టినది. ఆ యేడు చివర జరిగిన తొలి వేలములో అతి తక్కువ ధర యూనిటుకు 10.95 రూపాయలు. 2015లో కర్నూలు సౌర పార్కున 500 మెగావాట్లకు పాడిన ధర 4.63. 2017 ఏప్రిలులో కడపకు 3.15. ఆ మరుసటి నెల రాజస్థానమునందలి భడ్లాలో 2.44. మాస్టారీ యంకెలను జేబులోని కాగితముపై వ్రాసికొని, "ఏడేళ్ళలో నాలుగో వంతు కన్నా తక్కువా!" అని రెండుమారులు సరిచూచుకొనిరి.

కర్నూలు సంగతి మరికొంత చెప్పవలసియున్నది. గని, శకునాల గ్రామముల చెంత దాదాపు 6,000 ఎకరములలో 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తియైనది. ఫలకములను కొన్నది ప్రభుత్వము కాదు. భూమిని సమకూర్చి, బాటలు వేసి, సబ్‌స్టేషన్లు కట్టి, పెద్ద లైనుతో కలుపుట ప్రభుత్వ యంత్రాంగము పని. ఇట్టి పార్కులకు కేంద్రమిచ్చు సహాయము మెగావాటుకు 20 లక్షల రూపాయలకు మించదు. మెగావాటు ఫలకముల కానాడు కోట్లు పట్టెడివి. చిన్న మొత్తము తగినచోట పడుటచే పెద్ద మొత్తము దానివెంట వచ్చినది.

"అయితే చవక అయిపోయిందిగా, ఇక ఆపేయండి!" అనిరి మాస్టారు. వారి ప్రశ్నలన్నింటిలోను నాకు నచ్చిన ప్రశ్న యిదియే. నా మట్టుకు నేను సగము ఒప్పుకొందును. మైదానములో వేసెడు పెద్ద ఫలకములకు సహాయ మక్కర తీరుచున్నది. తీరినచోట నిలిపివేయుటే న్యాయము. కాని ఎండ సాయంకాల మారుగంటలకు సెలవు తీసికొనును. సరిగా అప్పుడే దీపము, పంఖా, రేడియో, టెలివిజను ఒక్కసారిగా మేలుకొనును. మధ్యాహ్నపు విద్యుత్తును సాయంకాలమునకు దాచు పని ఇంకను ఖరీదైనది. ఖజానా నేడు పోవలసిన చోటు ముఖ్యముగా నదియే.

దాచు విద్య మనకు క్రొత్త కాదు. శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమున 150 మెగావాట్ల యంత్రములు ఆరు గలవు. నీరు దిగునప్పు డవి విద్యుత్తునిచ్చును. వానికే విద్యుత్తునిచ్చినచో వెనుకకు తిరిగి, దిగువ నీటిని మరల జలాశయములోనికి తోడగలవు. ఇట్టి యేర్పాటులో నూరు యూనిట్లు పెట్టి తోడినచో తిరిగి చేతికి వచ్చునవి డెబ్బదియైదో, ఎనుబదియో. మిగిలినది తరుగు. ఆ తరుగును, కొండ తొలుచుటకు పట్టు ఏండ్లను తలచి వర్తకుడు వెనుదీయుట సహజము. బ్యాటరీలలో దాచుటకై 2023 సెప్టెంబరులో కేంద్రము మూలధన వ్యయమున నూటికి 40 పాళ్ళవరకు సహాయము మంజూరు చేసినది. పొందువారిని పోటీ టెండరుచేతనే ఎన్నుకొనవలెనని నియమము. 2010 నాటి వేలములవలెనే ఇదియు ఏటేట ధరను దింపునో లేదో మాస్టారివంటివారు లెక్కవ్రాసి చూచుచుండవలసినదే.

బొగ్గునకును ఒక పద్దు గలదు. బూడిద చెరువుల దాపున ఆరవేసిన బట్టలు మరల ఉదుకుకొను ఇల్లాలి శ్రమ, దుమ్ము పీల్చువారి వైద్యుని ఖర్చు ఏ విద్యుత్తు బిల్లునందును కానరావు. చవక యని మనమనుకొను యూనిటు ధరలో ఆ సొమ్ము వేరొకరు చెల్లించుచున్నారు. ఈ మాట చెప్పినపుడు మాస్టారు బదులు పలుకలేదు. వారి కుమార్తెను థర్మల్ కేంద్రము దగ్గరి యూరి కిచ్చిరని నాకు తరువాత తెలిసినది.

వారు పూర్తిగా ఒప్పుకొనిరని నేను చెప్పజాలను. "ప్రతి సహాయానికీ ఆఖరు తేదీ ముందే ప్రకటించాలి, అద్దెయింటివాడి మాట కూడా చూడాలి," అని రెండు షరతులు పెట్టి లేచిరి. మరునాటి ఉదయము పాలు తెచ్చుకొనుచు చూతును గదా, మాస్టారు తమ డాబాపై నిలువబడి, పొరుగింటి కొబ్బరిచెట్టు నీడ ఏ గంటకు ఎంతదూరము పడుచున్నదో సుద్దముక్కతో గీతలు గీసికొనుచున్నారు.