పుట్టుకతో వచ్చే బొబ్బల జబ్బు: తీవ్రతను తేల్చేది జన్యువే

కొందరు పసిపిల్లలను చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఆ కాస్త ఒరిపిడికే చర్మం ఊడి వస్తుంది. మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి, పరుపుతో సహా ఎత్తుకోవాలి. సెలైన్ సూదికి వేసిన ప్లాస్టర్ లాగితే పైపొర దానితోపాటే లేచిపోతుంది. ఈ జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా. ఇది అంటుకోదు. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి తిన్నదాని వల్లో, చేసినదాని వల్లో రాదు. జన్యువుల్లో మార్పుల వల్ల వస్తుంది.

ఈ జబ్బుతోనే కొందరు ఎండాకాలంలో అరికాళ్ల బొబ్బలతో బాధపడినా నిండు జీవితం గడుపుతారు. కొందరు మొదటి పుట్టినరోజైనా చూడరు. ఇంత తేడా ఎందుకు?

మొదట చూడాల్సింది, చర్మం ఏ లోతులో విడిపోతోందన్నది. బాహ్యచర్మం అడుగు కణాలకు బలమిచ్చేవి కెరాటిన్ 5, 14 ప్రొటీన్లు. అవి దెబ్బతింటే బొబ్బలు పైపైనే లేస్తాయి, సాధారణంగా మచ్చ పడకుండా మానుతాయి. దాని కింద బాహ్యచర్మాన్నీ అంతశ్చర్మాన్నీ కలిపే లామినిన్ 332 పూర్తిగా లేకపోతే చాలామంది పిల్లలు శైశవంలోనే చనిపోతారు. ఇంకా లోతున, పై పొరలను అంతశ్చర్మానికి బిగించి ఉంచేది కొల్లాజెన్ 7. అది లేకపోతే పుండ్లు మచ్చకట్టి వేళ్లు అతుక్కుపోతాయి, అన్నవాహిక ఇరుకవుతుంది, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ రావచ్చు.

లోతు ఒక్కటే కాదు, జన్యువు ఎలా చెడిందన్నదీ ముఖ్యమే. కొల్లాజెన్ 7 మూడు పాయల జడలాంటి ప్రొటీన్. పాయలు అల్లుకునే భాగంలో దాదాపు అంతటా ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉండాలి. అమైనో ఆమ్లాల్లో అన్నిటికన్నా చిన్నది కాబట్టి జడ మధ్యలో అదే ఇముడుతుంది. ఈ ప్రొటీన్‌కు మూలమైన జన్యువు రెండు ప్రతులుగా, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒక ప్రతి అసలు ప్రొటీనే తయారుచేయకపోతే రెండోది ఇచ్చే సగం చాలు, చర్మం మామూలుగానే ఉంటుంది. అదే ఒక ప్రతి గ్లైసిన్ తప్పిన పాయలను తయారుచేస్తే, అవి మంచివాటితో కలిసిపోతాయి. మూడు పాయలు కలిసే ఎనిమిది రకాల్లో అన్నీ మంచివే ఉండేది ఒక్కటే. అంటే సగం తగ్గినా ఫరవాలేదు, కల్తీ అయితే చాలాసార్లు జబ్బు. అయినా ఆ కల్తీ ప్రొటీన్ కొంతైనా పట్టు ఇస్తుంది. రెండు ప్రతులూ ఏమీ ఇవ్వనప్పుడే జబ్బు అతి తీవ్రమవుతుంది.

ఒకే ప్రొటీన్‌లో మార్పు వచ్చిన చోటును బట్టీ ఫలితం మారుతుంది. కెరాటిన్ 14లో 125వ స్థానంలో ఉండాల్సిన ఆర్జినిన్ మారితే ఒళ్లంతా బొబ్బలు గుంపులుగా లేస్తాయి. మరికొన్ని చోట్ల మారితే చేతులు, కాళ్లకే పరిమితం. ఒకే మార్పు ఉన్న తోబుట్టువుల్లోనూ తీవ్రత వేరుగా ఉండవచ్చు. మిగతా జన్యువులు, ఒరిపిడి, వేడి, ఇన్‌ఫెక్షన్లు కూడా కలుస్తాయి.

మేనరికాలు మనకు కొత్త కాదు. ఒకే తాత నుంచి వచ్చిన పనిచేయని ప్రతి భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం అలాంటి పెళ్లిళ్లలో ఎక్కువ. అలా ఇద్దరిలోనూ ఒక్కో ప్రతి చెడి ఉన్నా వారు ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక్క ప్రతితోనే వచ్చే రకమైతే, జబ్బున్నవారి బిడ్డకు 50 శాతం.

జన్యు చికిత్సలూ ఏ జన్యువు చెడిందన్నదాన్ని బట్టే. 2015లో జర్మనీలో ఒక బాలుడి సొంత కణాల్లోనే సరైన లామినిన్ జన్యువును చేర్చి, పొరలుగా పెంచి, ఒంటి మీద దాదాపు 80 శాతం చర్మాన్ని కొత్తగా కప్పారు. 2023లో అమెరికా అనుమతించిన, పుండ్ల మీద రాసే జన్యు జెల్ కొల్లాజెన్ 7 లోపానికే పనికొస్తుంది.

అందుకే జబ్బు పేరు తెలుసుకోవడంతో ఆగకండి. ఏ జన్యువు, ఏ రకం మార్పు, ఒక ప్రతిలోనా రెండిటిలోనా అని జెనెటిక్ కౌన్సెలర్‌ను అడగండి. తర్వాతి కాన్పు గురించి నిర్ణయం ఆ జవాబు మీదే ఆధారపడాలి, తల్లిని నిందించే మాటల మీద కాదు.