సూదికి ముందు ఒక ప్రశ్న

వాల్మీకిపురం రైతు టమోటా నారు కొనేముందు నర్సరీవాణ్ణి నిలబెట్టి అడుగుతాడు. ఏ రకం? ఎండకాలానికి నిలుస్తుందా? ఆకుముడతను తట్టుకుంటుందా? మదనపల్లె మార్కెట్టు చేరేదాకా కాయ గట్టిగా ఉంటుందా? అదే రైతు జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళితే, ఊరందరికీ ఇచ్చే మాత్రే ఆయనకూ ఇస్తారు. టమోటాకు దక్కిన మర్యాద మనిషికింకా దక్కలేదు. జన్యువులు చూసి, ఎవరికి తగిన మందు, మోతాదు వాళ్లకు ఎంచే ఆ మర్యాదకే ఇప్పుడు ప్రెసిషన్ మెడిసిన్ అని పేరు.

పేరు కొత్తదే గానీ సంగతి పాతది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915 నుంచి ఉంది. దేశంలో క్షయకు బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైంది కూడా 1948లో మదనపల్లెలోనే. తర్వాత నాలుగేళ్లకు క్షయకు ఐసోనియాజిడ్ మాత్ర వచ్చింది. కొందరి కాలేయం ఆ మందును గబగబా విరిచేస్తుంది, కొందరిది నింపాదిగా విరుస్తుంది. నింపాదివాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కే ముప్పు ఎక్కువ. గబగబావాళ్లకు వారానికొకసారి మందిస్తే చాలదని మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం పరిశోధనల్లో తేలింది. ఈ తేడా చాలావరకు నాట్2 అనే ఒక్క జన్యువులోనే ఉంది. అయినా ప్రభుత్వ పథకంలో ఎవరి జన్యువూ చూడరు. బరువు చూసి మాత్రలు లెక్కగట్టి, రోజూ మింగిస్తారు. తిమ్మిరి రాకుండా బీ6 విటమిన్ ఉండనే ఉంది. చవకలో ఇద్దరికీ సరిపోయే దారి దొరికినప్పుడు పరీక్ష దండగ.

దండగ కాని చోట్లూ ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే సూదిమందు వేస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. దాన్ని విరిచే ఎంజైము రక్తంలో లేనివాళ్లకు గంటలు పట్టొచ్చు, అందాకా ఊపిరి యంత్రమే ఆడించాలి. ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో రాశారు. కారణం, ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ రావడం. బయటి సంబంధమే చేశామని మనం అనుకుంటాం. జన్యువు మాత్రం వియ్యంకుణ్ణి చూసి, ‘ఎక్కడో చూసినట్టుందే’ అంటుంది.

ఈ లోపాన్ని పట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మత్తు డాక్టరు ఒక ప్రశ్న అడిగి, అనుమానముంటే ఎంజైముకు రక్తపరీక్ష చేయించి, వేరే మందు వాడితే సరిపోతుంది. కులం అడిగినందుకు ఎవరూ కోప్పడకూడని చోటు ఆపరేషన్ బల్ల.

పెద్ద పనులూ మొదలయ్యాయి. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ఎనభైకి పైగా సమూహాల నుంచి పదివేలమంది జన్యుపటాలు తీసింది. 2025 జనవరిలో ఆ సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి కోసం 2023 జులైలో మొదలైన పథకం ఏడు కోట్లమందికి పరీక్షలు చేసి కార్డులు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. చిక్కు ఆ కార్డు దగ్గరే. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే లోపపు జన్యువు వచ్చిన వాహకులకు జబ్బు ఉండదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ రెండు ముక్కలూ కూర్చోబెట్టి చెప్పే మనిషి లేకపోతే, ఆ కార్డు వైద్యానికి పనికిరాదు, సంబంధం చెడగొట్టడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

కుప్పం, పుంగనూరు వైపు మేనరికాలు కొత్తకాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు చుట్టాల మధ్యవే. అలాంటి పెళ్లిళ్లలో బిడ్డకు పుట్టుకతో లోపాలొచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి, ఇక్కడ ముందు కావలసింది పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్క. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ఆ చుక్కలోనే తెలుస్తుంది. వెంటనే చవకైన మాత్ర మొదలుపెడితే బిడ్డ తెలివి నిలుస్తుంది, ఆలస్యమైతే ఏ జన్యుశాస్త్రమూ దాన్ని తిరిగి తేలేదు. దేశమంతటా ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష ఇంకా అందడం లేదు. పదివేల జన్యుపటాలు గీసిన దేశానికి ఒక చుక్క బరువు కాకూడదు.

కాబట్టి వరస ఇది: ముందు ప్రశ్న, తర్వాత చవక పరీక్ష, ఆ రెండూ చాలనప్పుడు జన్యుపటం. మొదటిది మన చేతిలోనే ఉంది. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీది మేనరికమా, ఇంట్లో చిన్నవయసులో పోయిన బిడ్డలున్నారా, ఆపరేషన్ తర్వాత ఎవరికైనా ఊపిరి అందడం ఆలస్యమైందా, ఈ మూడూ డాక్టరుకు చెప్పండి. ఆయన అడక్కపోయినా చెప్పండి.