బంచరాయి మీద బంతాట

గోల్ఫు అంటే దొరల ఆట అని మనవాళ్ళంటారు. అందులో తప్పేమీ లేదు. కాని స్కాట్లండుకు పడమట, సౌత్ యూయిస్ట్ అనే దీవిలో ఆ ఆట రైతుల మేతబీడు మీదనే సాగుతున్నది. ఆ నేలకు నేడు యజమానులు దీవి ప్రజలే. అయినా తగాదా తప్పలేదు.

దీవికి తూర్పున కొండలు, పడమట ఇసుక తిన్నెలు. గుల్లల పొడి కలిసిన ఆ ఇసుకనేలకు సముద్రపు నాచు ఎరువుగా వేసి బార్లీ, ఓట్సు పండిస్తారు. అక్కడి రైతుల్ని క్రాఫ్టర్లంటారు. అంటే చిన్నచిన్న కమతాల కౌలుదార్లన్నమాట. మేతబీడు మాత్రం ఊరుమ్మడిది, మన బంచరాయి లాగా.

1838లో గోర్డన్ అనే కర్నలు ఈ దీవిని కొన్నాడు. నాచు కాల్చి బూడిద అమ్ముకునే వ్యాపారం అప్పటికే దెబ్బతిన్నది. ఇక మనుషులకన్నా గొర్రెలే లాభమన్నారు. 1851లో ఇక్కడినుంచీ, పక్కనున్న బారా నుంచీ 1,500 మందికి పైగా పేదల్ని కెనడా ఓడలెక్కించారు. పోమన్నవాళ్ళను వెంటాడి, చేతులు కట్టి మరీ ఎక్కించారు! 1886 చట్టం వచ్చేదాకా కౌలుదారుకు బేదఖలు భయం పోలేదు. ఆ చట్టమైనా ఊరికే రాలేదు. స్కై దీవి రైతులు పోలీసులకు ఎదురు తిరిగితే వచ్చింది.

కర్నలు కోడలు లేడీ గోర్డన్ క్యాత్‌కార్ట్ 1891లో ఓల్డ్ టామ్ మోరిస్ అనే పేరుమోసిన ఆటగాణ్ణి పిలిపించి ఆస్కర్నిష్ తిన్నెల మీద గోల్ఫు మైదానం వేయించింది. ఆమె జమీనులోదే వాటర్సే దీవి. అక్కడ గుడిసెలు వేసుకుని బంగాళాదుంపలు నాటుకున్న భూమిలేని పేదలు పదిమందిని 1908లో జైలుకు పంపించిందీ ఈ దొరసానే.

కాలక్రమాన పాత మైదానంలో చాలా భాగం గడ్డిలో కలిసిపోయింది. 2006లో దీవి ప్రజల ఉమ్మడి సంస్థ 93,000 ఎకరాల ఎస్టేటును 45 లక్షల పౌన్లకు కొనేసింది. మైదానాన్ని మళ్ళీ తీర్చిదిద్ది 2008లో తెరిచారు. యాత్రికులు వస్తారు, నాలుగు డబ్బులు వస్తాయి, కుర్రాళ్ళు వలసపోకుండా ఆగుతారు అన్నారు. నిజమే కావచ్చు. కాని కొందరు క్రాఫ్టర్లు, ‘మా పశువులు మేసేదెక్కడ?’ అని నిలదీసి భూమి కోర్టు మెట్లెక్కారు.

దొరసాని పోయింది గనక ఇక గొడవలేమిటని విసుక్కునేవాళ్ళున్నారు. మేమలా అనుకోం. భూమి ఉమ్మడిదైనంత మాత్రాన ఆవులు కాసేవాడి అవసరం, ఆటకు టిక్కెట్టు అమ్మేవాడి అవసరం ఒకటైపోవు. ఆ తగాదా ఊళ్ళోనే, అందరి ఎదుటా నడవటం మంచిదే. కర్నలు రోజుల్లో అడిగే నోరే లేదు గదా.

ఆస్కర్నిష్‌లో రసాయన ఎరువులు, పురుగుమందులు చల్లరు. చలికాలం వచ్చిందంటే ఆవులూ గొర్రెలూ వచ్చి ఆ మైదానం మీదనే మేస్తాయి.