తొట్లకొండ మీద ఎండ – అత్తగారి మజ్జిగ చెంబు

గత సంవత్సరం మే నెలలో, పిల్లల వేసవి సెలవులలో, భీమునిపట్నంలో నాలుగు రోజులు గడిపి వచ్చాము. మాది వరంగల్లు. ఎండ మాకు కొత్త కాదు గదా అన్న ధీమాతో బయలుదేరాము. ఆ ధీమాయే మా పన్నెండేళ్ళ అబ్బాయిని ఆపద దాకా తీసుకొని పోయింది.

మొదటి దినం పడవ షికారు. అలల ఊపునకు అమ్మాయికి కడుపులో తిప్పింది. మా అత్తగారు కొంగుముడి నుండి అల్లం ముక్క తీసి, ఉప్పు అద్ది నోట పెట్టారు. పడవ నడిపే పెద్దాయన, "అలలను చూడకమ్మా, దూరాన నీరూ ఆకాశమూ కలిసే చోటు చూడు" అన్నాడు. పావుగంటలో పిల్ల తేరుకున్నది.

అసలు కథ మూడవ దినం జరిగింది. విశాఖ–భీమిలి రహదారి పక్కన తొట్లకొండ ఉన్నది. 1988 నుండి 1993 వరకు జరిగిన తవ్వకాలలో అక్కడ బౌద్ధ స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. వాననీటిని నిలువ చేయుటకు భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు. పైదాకా కారు దారి ఉన్నా, నడిచి ఎక్కితేనే సాహసమని పిల్లలు పట్టుబట్టారు. ఫలహారాలు ముగించి బయలుదేరేసరికి పది దాటింది. మోకాళ్ళ నొప్పుల వల్ల అత్తగారు కింద చెట్టునీడన కారులోనే ఉండిపోయారు. "ఈ వేళప్పుడా?" అన్న ఆమె మాటను మేము పట్టించుకోలేదు. నలుగురికీ కలిపి ఒకే సీసా నీళ్ళు!

మా ఊరి ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది. ఆ ఆరుటలోనే దేహం చల్లబడుతుంది. సముద్రతీరాన గాలిలో తేమ నిండి ఉంటుంది కనుక చెమట కారుతుందే గాని ఆరదు. లోపలి వేడి లోపలే నిలుస్తుంది. పైగా సముద్రపు గాలి హాయిగా తగులుతుంటే మనిషికి ఆ సంగతే తెలియదు. మాకూ తెలియలేదు.

పైకి చేరగానే అబ్బాయి తల పట్టుకొని కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది, ఒళ్ళు జిగటగా చల్లబడింది, పిక్కలు పట్టేశాయి, వాంతి వచ్చేట్లున్నదన్నాడు. నా కాళ్ళు వణికాయి. మావారు ఫోను చేయగా డ్రైవరు కారును పైకి తెచ్చాడు. అత్తగారు దిగుతూనే వాడిని నీడన పడుకోబెట్టించి, చొక్కా విప్పించి, కాళ్ళ కింద సంచి ఎత్తు పెట్టించారు. తడిబట్ట మెడకు, చంకలకు అద్దుతూ నన్ను విసరమన్నారు. తర్వాత తన మరచెంబు తెరిచారు. (స్టీలుదే సుమా! ఇత్తడి చెంబులో మజ్జిగ పోయరాదు.) అందులో ఒక వంతు కమ్మని పెరుగుకు నాలుగు వంతుల నీరు కలిపి చిలికి, వెన్న తీసి, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ ఉన్నది. ఒక్కసారిగా తాగనీయక గుక్క గుక్కగా పట్టారు. గంటకు గాని వాడు లేచి కూర్చోలేదు.

సాయంత్రం చూపించిన వైద్యులు మంచి పనే చేశారన్నారు. మజ్జిగ లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాకు అంచు మట్టంగా కొలిచి కలిపి ఇవ్వమన్నారు. అయితే మాట తడబడినా, మైకం కమ్మినా, ఒళ్ళు నిప్పులా కాలినా అది వడదెబ్బ. అప్పుడు నోట ఏమీ పోయక, ఒళ్ళు తడుపుతూ 108కి ఫోను చేయాలని గట్టిగా హెచ్చరించారు.

గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఎండను విడువమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ఉప్పు, కారం, పులుపు కూడా విడువమన్నాడు. మరి అత్తగారు ఉప్పు ఎందుకు వేశారు? ఆ నియమం నీడపట్టున ఉండేవారికని, చెమటలో ఉప్పు పోగొట్టుకున్నవారికి దానిని తిరిగి ఇవ్వక తప్పదని నాకు తోచింది. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి వాడుకోవాలి. మజ్జిగ పులిసినదైతే పిత్తాన్ని పెంచుతుందని అత్తగారి మాట.

నాలుగవ దినం దినచర్యనే తిరగవేశాము. ఆ తీరాన మే నెలలో ఐదున్నరకే సూర్యుడు పైకి వస్తాడు. ఆ వేళకే ఇసుకలో ఉండి, మత్స్యకారులు ఒడ్డు నుండి అలివి వల లాగుతుంటే పిల్లలిద్దరూ తాడు పట్టారు. తొమ్మిదికల్లా బసకు చేరాము. మధ్యాహ్నం తాటిముంజలు, సబ్జా గింజలు వేసిన సుగంధిపాల పానకం, నిద్ర. ఎండకు కమిలిన భుజాలకు చన్నీటి గుడ్డ, ఆపైన కలబంద గుజ్జు. నాలుగున్నర దాటాక మళ్ళీ తీరానికి.

ఈ సంవత్సరం మళ్ళీ తొట్లకొండకే పోదామంటున్నాడు అబ్బాయి. తెల్లవారుజామునే బయలుదేరదామనీ, మరచెంబు తానే మోస్తాననీ నాయనమ్మతో ఒప్పందం చేసుకున్నాడు. ఆమె రెండు చెంబులు అంటున్నది.