వార్తల్లో పదం: ట్రాన్స్‌ఫార్మింగ్ కేర్

ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవారిని ఏళ్ల తరబడి తాళాల వెనక ఆస్పత్రుల్లో ఉంచకుండా, తగిన సాయంతో ఊళ్లోని ఇళ్లకు చేర్చడానికి ఇంగ్లండ్‌లో మొదలైన కార్యక్రమమిది. 2011లో బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ ఆస్పత్రిలో సిబ్బంది రోగులను హింసించడాన్ని బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమా రహస్య కెమెరాతో బయటపెట్టడమే దీనికి నాంది. అనవసరంగా ఆస్పత్రుల్లో ఉన్నవారందరినీ 2014 జూన్‌కల్లా బయటికి తెస్తామన్న ప్రభుత్వ హామీ నెరవేరలేదు.

ఇంటికి చేరడానికి చాలాసార్లు అడ్డుపడేది జబ్బు కాదు. సరైన ఇల్లు, తోడుండే మనుషులు దొరకకపోవడం. ఆటిజం ఉన్న చాలామందికి హఠాత్తు మార్పు భరించరానిది. అందుకే సహాయకులు డిశ్చార్జికి ముందే ఆస్పత్రికి వచ్చి పరిచయం పెంచుకోవాలి, కొత్త ఇంటి ఫొటోలు చూపించాలి, ఒకటికి రెండుసార్లు అక్కడికి తీసుకెళ్లాలి. గోడ అవతలి చప్పుడు, కళ్లలో పొడిచే లైటు, రోజుకో కొత్త ముఖం... వీటిని పట్టించుకోకపోతే ఆ మనిషి మళ్లీ వార్డుకే చేరే ప్రమాదముంది. అప్పుడు తప్పును ఆయన ప్రవర్తన మీదికి నెట్టడం అన్యాయం.

చికిత్స కోసం సెక్షన్ 3 కింద నిర్బంధించినవారికి బయటికొచ్చాక ఉచిత సంరక్షణ అందించే బాధ్యతను 1983 మానసిక ఆరోగ్య చట్టంలోని సెక్షన్ 117 ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌కూ స్థానిక కౌన్సిల్‌కూ అప్పగించింది. కేవలం ఆటిజం ఉందని సెక్షన్ 3 కింద నిర్బంధించకూడదని 2025 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అయితే బయట సేవలు సిద్ధమయ్యాకే ఈ మార్పును అమలు చేస్తామని ప్రభుత్వం అంటోంది. నేర కేసుల్లో కోర్టు ఆదేశంతో ఆస్పత్రికి వచ్చినవారికి ఈ కొత్త రక్షణ వర్తించదు.