చెవి కారడం ఆగినా వినికిడి వస్తుందా?
కర్ణభేరి శస్త్రచికిత్సపై తెలుసుకోవలసిన వాస్తవాలు

చెవిలో చీము కారడం ఆగినంత మాత్రాన వ్యాధి నయమైనట్లు కాదు. కర్ణభేరికి పడిన రంధ్రం పూడకపోతే జలుబు చేసినా, స్నానం చేసేటప్పుడు నీరు చేరినా చీము మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే వినికిడి క్రమంగా సన్నగిల్లుతుంది. ఈ వ్యాధి జనాభాలో 4 శాతానికి మించి ఉన్న దేశాల సరసన భారత్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో చేర్చింది.

రంధ్రం పడితే ఏమవుతుంది?
కర్ణభేరి మూడు పొరలతో కూడిన పలుచని తెర. బయటి శబ్దానికి అది కంపించగా, దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకలు ఆ కంపనాన్ని లోపలి చెవికి చేరవేస్తాయి. ఈ ప్రయాణంలో శబ్దపు ఒత్తిడి సుమారు 20 రెట్లు పెరుగుతుంది. తెరకు రంధ్రం పడితే ఈ బలం తగ్గుతుంది. చీము వల్ల ఎముకలు అరిగిపోతే నష్టం మరింత ఎక్కువ.

అతికించేది ఇలా...
ఈ శస్త్రచికిత్సను టింపనోప్లాస్టీ అంటారు. జర్మనీ వైద్యులు వుల్‌స్టైన్, జోల్నర్ 1950వ దశకంలో దీనికి రూపమిచ్చారు. చెవి పైభాగాన కణతి కండరంపై ఉండే పలుచని పొరను గాని, చెవి మృదులాస్థిని గాని తీసి, సూక్ష్మదర్శిని సాయంతో రంధ్రానికి అమరుస్తారు. అవసరమైతే ఎముకల గొలుసును కూడా సరిచేస్తారు.

ఫలితాలు రెండు విధాలు
పొర అతకడం ఒకటి, వినికిడి మెరుగుపడడం మరొకటి. ప్రచురితమైన అధ్యయనాలలో అధిక భాగం పొర అతికినవారు 80 నుంచి 95 శాతం వరకు ఉన్నట్లు చెబుతున్నాయి. వినికిడి విషయంలో అంత భరోసా ఉండదు. ఎముకలు బాగుండి, చిన్న రంధ్రం మాత్రమే ఉన్నవారికి ఫలితం బాగుంటుంది. ఎముకలు దెబ్బతిన్నవారికి వినికిడి కొంతవరకే రావచ్చు. లోపలి చెవి నరం దెబ్బతింటే పొర అతికినా ఆ లోటు తీరదు. అందువల్ల శస్త్రచికిత్సకు ముందు ఆడియోమెట్రీ పరీక్ష తప్పనిసరి. పెద్ద రంధ్రం, ముక్కునూ చెవినీ కలిపే నాళం సరిగా పనిచేయకపోవడం, రెండో చెవి కూడా కారుతుండడం, పొగతాగడం ఫలితాన్ని దెబ్బతీసే అంశాలు. రుచిలో మార్పు, చెవిలో హోరు, తల తిరగడం వంటి ఇబ్బందులు కొందరికి కలుగుతాయి. ముఖ నరం దెబ్బతినడం, వినికిడి మరింత తగ్గడం అరుదు.

దుర్వాసన వస్తే ప్రమాదమే!
చీము కొద్దిగానే ఉన్నా భరించలేని దుర్వాసన వస్తుంటే జాప్యం తగదు. చెవి లోపల చర్మపు పొరలు గడ్డగా పేరుకుని ఎముకను తినేసే రకం వ్యాధికి అది సూచన కావచ్చు. అది మెదడు వరకు పాకితే ప్రాణాంతకం. వీరికి వ్యాధి భాగాన్ని పూర్తిగా తొలగించే మాస్టాయిడ్ శస్త్రచికిత్స ముఖ్యం. చెవిని ప్రమాదం నుంచి గట్టెక్కించడమే ఇక్కడ తొలి లక్ష్యం, వినికిడి ఆ తర్వాతి మాట.

పాటించవలసిన జాగ్రత్తలు
వేడి నూనె, ఆకు పసరు, వెల్లుల్లి రసం చెవిలో పోయరాదు. అగ్గిపుల్లలు, పిన్నీసులు పెట్టరాదు. వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో చుక్కలు కొని వేసుకోవడమూ మంచిది కాదు. వాటిలో కొన్ని రంధ్రం గుండా లోపలి చెవికి హాని చేయగలవు. శస్త్రచికిత్స అనంతరం కొన్ని వారాలపాటు చెవిలో నీరు పోకుండా చూసుకోవాలి, ముక్కు గట్టిగా చీదరాదు, బరువులు మోయరాదు. తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మాలి. సుమారు మూడు నెలల తర్వాత మరోమారు వినికిడి పరీక్ష చేయించుకుంటేనే అసలు ఫలితం తెలుస్తుంది.

హైదరాబాద్ కోఠిలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లల చెవి రెండు వారాలకు మించి కారుతుంటే పెద్దలు వెంటనే నిపుణులకు చూపించాలి. తరగతిలో పాఠం వినబడని పిల్లవాడిని మందమతిగా జమకట్టడం కన్నా, ముందుగా అతని చెవిని పరీక్షింపజేయడం మేలు.