తలరాత లేని కుర్రాడు

వేసవి సెలవులకి ముందు మా అబ్బాయి హైస్కూలు వాళ్ళు చదవాల్సిన పుస్తకాల జాబితా ఒకటి ఇచ్చి పంపారు. మావాడు అందులోంచి అన్నిటికన్నా సన్నగా ఉన్నదాన్ని ఏరుకుని లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాడు. సగం చదివాక దాన్ని డైనింగ్ టేబుల్ మీద బోర్లా పడేసి వారం రోజులైనా ముట్టుకోలేదు.

"ఏరా, ఏమైంది?" అనడిగాను.

"ఈ కుర్రాడంటే నాకు చిరాకు నాన్నా. బస్సులోంచి దించేస్తే 'సహజమే కదా' అంటాడు. రైల్లో కుక్కితే 'సహజమే' అంటాడు. ఒక్కసారైనా కోపం రాదు వాడికి" అన్నాడు.

మా వాడికి పద్నాలుగేళ్ళు. పుస్తకంలో కుర్రాడికీ పద్నాలుగే. పద్నాలుగేళ్ళవాడికి అంత చిరాకు తెప్పించిన పద్నాలుగేళ్ళవాడెవడో చూద్దామని ఆ రాత్రి పుస్తకం తెరిచాను. మర్నాడు హాస్పిటల్లో రౌండ్స్ ఉన్నాయని తెలిసి కూడా రెండింటిదాకా మూయలేకపోయాను.

రాసినాయన ఇమ్రె కెర్తేస్ అనే హంగేరియన్ యూదుడు. 1929లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. 1944లో నాజీలు ఆయన్ని ఆష్విట్జ్‌కీ, అక్కణ్ణుంచి బూఖెన్‌వాల్డ్‌కీ తరలించారు. బతికి బయటపడి, దాదాపు పదమూడేళ్ళు కుస్తీ పట్టి ఈ నవల రాశాడు. 1975లో అచ్చయితే స్వదేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన 2016లో పోయాడు. నేను చదివింది టిమ్ విల్కిన్సన్ 2004లో చేసిన ఇంగ్లీషు అనువాదం.

అసలు పేరు హంగేరియన్‌లో 'షోర్ష్‌తలన్‌షాగ్'. షోర్ష్ అంటే రాత, తలన్ అంటే లేని, షాగ్ అంటే తనం. చూశారా, మన భాషలోలాగే మాట వెనకాల ముక్కలు అతుక్కుంటూ పోతాయి. అందుకని ఇంగ్లీషు వాడికన్నా మనకే ఈ పేరు సుఖంగా నోరు తిరుగుతుంది: తలరాతలేనితనం. నుదుటిరాత, లలాట లిఖితం, బ్రహ్మరాత, రాసి పెట్టి ఉండటం — ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, ఆ పేరు చూసి ఆగకుండా ముందుకి పోవడం నావల్ల కాలేదు.

కథ చెప్పేది గ్యూర్గీ అనే ఆ కుర్రాడే. తల్లీ తండ్రీ విడిపోయారు, తండ్రి దగ్గరా సవతి తల్లి దగ్గరా ఉంటాడు. తండ్రిది కలప వ్యాపారం. ఒకరోజు ఆయనకి నిర్బంధ శ్రామిక శిబిరానికి రమ్మని తాఖీదు వస్తుంది. ఆ రోజు స్కూలుకి సెలవు పెట్టడంతో నవల మొదలవుతుంది. కోటు మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకుని తిరగాలని చట్టం. గాలికి కోటు అంచు ఎగిరి నక్షత్రం మీద పడితే అది నేరమవుతుందేమోనని కుర్రాడి బెంగ. అంత బుద్ధిమంతుడు. మనమందరం పెంచాలనుకునే రకం.

తండ్రి వెళ్ళేముందు రాత్రి బంధువులంతా చేరతారు. లాయోష్ మామయ్య అనే పెద్దమనిషి కుర్రాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, ఇకనుంచి నువ్వు కూడా మన జాతి ఉమ్మడి తలరాతలో భాగస్వామివయ్యావు, ఇదంతా మన పూర్వీకుల పాపాలకి దేవుడు వేసిన శిక్ష, ఓర్చుకోవాలి అని చెప్తాడు. తరవాత ఇద్దరూ హీబ్రూలో ప్రార్థన చేస్తారు. కుర్రాడికి హీబ్రూ ఒక్క ముక్క రాదు. పెద్దాయన పలికినట్టల్లా పలుకుతాడు. ఆ పేజీ దగ్గర నాకు నవ్వూ, కాస్త సిగ్గూ కలిగాయి. ప్రతి ఆదివారం బేస్‌మెంట్‌లో మన పిల్లల చేత విష్ణు సహస్రనామం పలికిస్తున్నది మనమే కదా.

ఇంకో చోట పక్కింటి అమ్మాయి ఏడుస్తుంది. జనం మనల్ని ద్వేషిస్తున్నారంటే మనలో ఏదో వేరుగా ఉండే ఉండాలి అని ఆ పిల్ల నమ్మకం. కుర్రాడు మార్క్ ట్వేన్ రాసిన రాజకుమారుడూ బీదపిల్లవాడూ కథ ఎత్తుకుని, నిన్ను పసితనంలోనే వేరే ఇంటి పిల్లతో మార్చేసి ఉంటే ఈ నక్షత్రం ఆ పిల్ల కోటు మీద ఉండేది, అంతే తేడా అని తర్కం చెప్తాడు. ఓదార్చాలని చెప్పిన మాటకి ఆ పిల్ల ఇంకా వెక్కి వెక్కి ఏడుస్తుంది. తనలో ఏమీ లేకుండానే తనకిది జరుగుతోందంటే మరి దేనికోసం ఇదంతా?

1944 మే 15 నుంచి జూలై 9 లోపల, అంటే ఎనిమిది వారాల్లో, హంగేరీ నుంచి సుమారు 4,37,000 మంది యూదుల్ని రైళ్ళలో పంపేశారు. ఎక్కువమంది ఆష్విట్జ్‌కే. హంగేరియన్ పోలీసులూ, రైల్వేవాళ్ళూ, గుమాస్తాలూ చేయి వేయకపోతే జర్మన్ల వల్ల అంత వేగంగా అయ్యే పని కాదు. కెర్తేస్ ఆ అంకెలేవీ చెప్పడు. ఊరి పొలిమేర దగ్గర బస్సు ఆపిన ఒక పోలీసుని మాత్రం చూపిస్తాడు. చెడ్డవాడేం కాదు, పిల్లలతో సరదాగానే ఉంటాడు. ఆ పిల్లలంతా చేపెల్ దీవిలో నూనె శుద్ధి కర్మాగారంలో పనికి వెళ్తున్నవాళ్ళు, చేతిలో పర్మిట్లున్నవాళ్ళు. సాయంత్రం అందరినీ బారులు తీర్చి ఊళ్ళోంచి నడిపిస్తుంటే మధ్యలో ఒక ట్రామ్ అడ్డం వస్తుంది. ఆ సందులో ఒకరిద్దరు జారుకుంటారు. మనవాడికీ అవకాశం ఉంది. కానీ అలా పారిపోవడం మర్యాద కాదనిపించి వరసలోనే ఉండిపోతాడు. మా అబ్బాయి పుస్తకం పడేసింది సరిగ్గా ఈ పేజీ దగ్గరే.

ఇక ఆష్విట్జ్. రైలు దిగగానే ఖైదీ బట్టల్లో ఉన్న కొందరు పిల్లల చెవిలో, పదహారేళ్ళని చెప్పండి అని గొణుగుతారు. వరస కదులుతుంది, చివర ఒక డాక్టరు నిలబడి ఉంటాడు. కుర్రాడికి ఆయన్ని చూడగానే నమ్మకం కుదురుతుంది: శుభ్రంగా, చదువుకున్నవాడిలా, దయగల మొహంతో ఉన్నాడు. తనని ఒక వైపు పంపాక మనవాడు అక్కడే నిలబడి తరవాతివాళ్ళని ఆ డాక్టరు కళ్ళతోనే చూడ్డం మొదలుపెడతాడు. ఈయన ముసలివాడు, పనికిరాడు. ఈయన బలంగా ఉన్నాడు, అటెందుకు పంపారబ్బా? ఇలా మనసులో మార్కులు వేస్తాడు. ఇటు వస్తే పని, అటు వెళ్తే గ్యాస్ గది అని అప్పటికింకా తెలియదు.

నేను ఇరవయ్యేళ్ళకి పైగా డాక్టరుని. మనుషుల్ని వరసలో చూసి, అరనిమిషంలో అంచనా కట్టడం నా వృత్తి. తెల్లకోటు చూసి ముక్కూ మొహం తెలియని రోగి నన్ను నమ్మేస్తాడు, ఆ నమ్మకం మీదే నా బతుకంతా నడుస్తోంది. హోలోకాస్ట్ మీద సినిమాలు చూశాను, మ్యూజియం చూశాను. ఈ రెండు పేజీలు చేసిన పని అవేవీ చెయ్యలేదు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

మూడు రోజుల తరవాత బూఖెన్‌వాల్డ్‌కీ, అక్కణ్ణుంచి జైట్జ్ అనే చిన్న శిబిరానికీ పంపిస్తారు. అక్కడ బండి చిత్రోమ్ అనే బుడాపెస్ట్ యువకుడు కుర్రాణ్ణి తమ్ముడిలా చేరదీస్తాడు. ఎంత చలిగా ఉన్నా రోజూ ఒళ్ళు కడుక్కో, రొట్టెలో ఒక ముక్క మధ్యాహ్నానికి దాచుకో అని నేర్పుతాడు. కొన్నాళ్ళు సాగుతుంది. తరవాత ఆకలి గెలుస్తుంది. మోకాలి దగ్గర సెల్యులైటిస్ మొదలై చీము పడుతుంది, తరవాత తుంటి మీద ఇంకొకటి. కోసి కాగితపు కట్లు కడతారు. ఒకరోజు కట్టు కింద దురద పెడితే విప్పి చూస్తాడు, పుండు నిండా పేలు. ఏరి పారేయబోయి, కాసేపటికి వదిలేస్తాడు. వాటి ఆకలి కూడా తనకి అర్థమైంది. గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉండగా పురుగు పట్టిన పుళ్ళు ఎన్నో కడిగాను నేను. పుండు ఉన్నవాడి వైపు నుంచి ఆ దృశ్యం ఎలా ఉంటుందో ఎవరూ నాకు చెప్పలేదు.

చావుకి దగ్గరై తిరిగి బూఖెన్‌వాల్డ్‌కి వస్తాడు. తోపుడుబండి మీద శవాల మధ్య శవంలా పడి ఉండగా ముక్కుకి టర్నిప్ దుంపల సూప్ వాసన తగులుతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఈ అందమైన శిబిరంలో ఇంకొంచెం కాలం బతకాలనిపిస్తుంది. 'అందమైన' అన్న మాట అక్కడ ఎలా ఇమిడిందో చదివితేనే తెలుస్తుంది, నేను చెప్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. అదృష్టం బాగుండి ఖైదీలే నడిపే ఆసుపత్రిలో దుప్పటి ఉన్న మంచం దొరుకుతుంది. 1945 ఏప్రిల్ 11న విడుదలైనట్టు లౌడ్‌స్పీకర్లో చెప్తుంటే, వీడి ధ్యాసంతా ఆ పూట సూప్ ఇంకా ఎందుకు రాలేదని.

నవల్లో లేని సంగతి ఒకటి. కెర్తేస్ తన నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. బూఖెన్‌వాల్డ్ స్మారక కేంద్రం వారు ఆయనకి శిబిరం తాలూకు పాత రికార్డు నకలు ఒకటి పంపారట. 1945 ఫిబ్రవరి 18వ తేదీ చిట్టాలో 64921 నంబరు ఖైదీ ఇమ్రె కెర్తేస్ చనిపోయినట్టు రాసి ఉంది. పుట్టిన సంవత్సరం 1927 అని ఉంది, ఎందుకంటే పిల్లల్లో జమకట్టకుండా రెండేళ్ళు ఎక్కువ చెప్పాడు కాబట్టి. ఆ కాగితం ప్రకారం చచ్చిపోయినవాడు స్టాక్‌హోమ్‌లో నిలబడి మాట్లాడుతున్నాడన్నమాట.

నవల చివర కుర్రాడు బుడాపెస్ట్ చేరతాడు. ట్రామెక్కితే కండక్టర్ టిక్కెట్టు అడుగుతాడు. వాళ్ళ ఇంట్లో ఎవరో ఉంటున్నారు, మొహం మీదే తలుపేస్తారు. తండ్రి మౌట్‌హౌసెన్ శిబిరంలో పోయాడు. సవతి తల్లి, దుకాణం కాపాడిన గుమాస్తాని పెళ్ళి చేసుకుంది. బండి చిత్రోమ్ వాళ్ళ వీధి వెతుక్కుంటూ వెళ్తే వాళ్ళమ్మ ఇంకా కొడుకు కోసం ఎదురుచూస్తోంది. పాత ఇరుగుపొరుగు ముసలాళ్ళిద్దరు కూర్చోబెట్టి, జరిగిందేదో జరిగింది, మర్చిపోయి కొత్త జీవితం మొదలుపెట్టు అంటారు. అప్పుడొస్తుంది కుర్రాడికి కోపం, మా అబ్బాయి ఎదురుచూసిన కోపం. జరగడం కాదు, మనం కూడా అడుగులు వేశాం అంటాడు. వరసలో ఒక్కొక్క అడుగు, ఒక్కొక్క నిమిషం. అంతా రాసి పెట్టి ఉందంటే మనకి స్వేచ్ఛ లేనట్టు, స్వేచ్ఛ ఉందంటే రాత లేనట్టు అని వాదిస్తాడు. ముసలాళ్ళకి కోపం వస్తుంది: అయితే తప్పు మాదేనంటావా? అది కాదు అతననేది. నా అడుగులు నావని ఒప్పుకోండి, అది కూడా నా దగ్గర్నుంచి లాక్కోకండి అని.

ఇక్కడొక మాట చెప్పి తీరాలి. ఆ మారణకాండతో మా ఇంటి సంగతి పోల్చడం లేదు, పోలిక లేదు. కానీ పుస్తకం ఎవరి పుండు వాళ్ళకి చూపిస్తుంది.

నేను రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. "ఒరే, పొద్దుట్నుంచీ గుండెల్లో మంటగా ఉందిరా" అన్నారు. ముప్ఫై ఆరు గంటల డ్యూటీ దిగి వచ్చి ఉన్నాను. "పెళ్ళిభోజనం చేశానన్నారుగా నాన్నా, గ్యాస్ అయ్యుంటుంది, పడుకోండి" అన్నాను. తెల్లవారేసరికి పోయారు. ఊరంతా ఒకటే మాట: ఆయన రాత అంతవరకే. అమ్మ కూడా అదే అంది. నేనూ తలూపాను. ఆ ఫోన్ సంగతి అమ్మకి గానీ, మా ఆవిడకి గానీ ఇన్నేళ్ళలో చెప్పలేదు. తలరాత అనే దుప్పటి ఎంత వెచ్చగా ఉంటుందో కప్పుకున్నవాడికే తెలుసు.

పుస్తకం పూర్తిచేసిన మర్నాడు మావాడితో, "చివరిదాకా చదవరా, వాడికి కోపం వస్తుంది" అన్నాను. "ఎవరి మీద?" అన్నాడు. "రాసి పెట్టి ఉందన్న వాళ్ళ మీద" అన్నాను. "బామ్మ అంటుంది కదా, తాతయ్యకి రాసి పెట్టి ఉందని?" అన్నాడు వాడు. మా ఆవిడ దోసెలు పోస్తోంది. ఇద్దరూ వినేటట్టుగా ఫోన్ సంగతి చెప్పాను. మావాడు ఏమీ అనలేదు. మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

వాడు ఆ వారంలోనే నవల పూర్తి చేశాడు. లైబ్రరీ కాపీ వెనక్కి ఇచ్చేసి, సొంతానికి ఒకటి కొన్నాం. చివరి పేజీలో కుర్రాడు కన్నతల్లి దగ్గరికి బయల్దేరుతూ ఒక సంగతి గుర్తు చేసుకుంటాడు: తను ఇంజనీరో డాక్టరో, అలాంటిదేదో కావాలని అమ్మ ఒకప్పుడు అనుకునేది. అలాగే అవుతుంది కాబోలు అనుకుంటాడు. మావాడు ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి, పక్కన మార్జిన్‌లో వాళ్ళమ్మ పేరు రాశాడు.

పుస్తకం మా ఇంట్లోనే ఉంది. కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళండి. గీతలు మాత్రం మావాడివి.